గ్రంథాలయ సెస్సు మన డబ్బు, దాని లెక్క మనకు చెప్పాలి

గ్రంథాలయాలకు నిధులు తగ్గిన ప్రతిసారీ ఖజానాలో డబ్బు లేదన్న జవాబే వినిపిస్తుంది. ఆ జవాబుతో సరిపెట్టుకునే చాలామందికి, తాము కట్టే ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయం కోసం విడిగా కొంత చెల్లిస్తున్నామన్న సంగతే తెలియదు. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద మన ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతోంది. ఏడాదికి 2,500 రూపాయల పన్ను కట్టే కుటుంబం అందుకు అదనంగా 200 రూపాయలు గ్రంథాలయానికి ఇస్తున్నట్టు. పంచాయతీలు, మున్సిపాలిటీలు ఆ సొమ్మును వసూలు చేసి, జిల్లాలోని గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు జమచేయాలి.

చిత్తూరు జిల్లావాళ్లకు ఈ ఏర్పాటు ఇంకా పాతది. 1953 వరకు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం. గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్. రంగనాథన్ కృషితో స్వతంత్ర భారతంలో తొలి గ్రంథాలయ చట్టం 1948లో వచ్చింది అక్కడే, అందులోనూ సెస్సు ఉంది. మన తాతల కాలం నుంచీ డబ్బు కట్టి నిలబెట్టుకున్న సంస్థను ఇప్పుడు ఎవరో దయతలచి నడుపుతున్నట్టు మాట్లాడితే నాకు బాధ కలుగుతుంది, కోపమూ వస్తుంది.

బడ్జెట్‌లో కోత పెడితే కనీసం పత్రికల్లో వార్తగా వస్తుంది. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థకు చేరకుండా స్థానిక సంస్థల దగ్గరే బకాయిగా పేరుకుపోవడం కూడా కోతే, కానీ దాని మీద చర్చ జరగదు. ఈ బకాయిల గురించి రాష్ట్రమంతటా ఏళ్ల తరబడి వింటూనే ఉన్నాం.

డబ్బు తగ్గగానే ముందుగా పత్రికల చందాలు ఆగిపోతాయి. కుప్పం, నగరి లాంటి సరిహద్దు ఊళ్లలో తెలుగుతోపాటు తమిళం చదివేవారూ ఉన్నారు కాబట్టి, అక్కడ పత్రిక ఒకటి తగ్గితే ఒక భాష పాఠకులంతా గ్రంథాలయానికి దూరమయ్యే ప్రమాదం ఉంది. ఆ తర్వాత కొత్త పుస్తకాల కొనుగోలు వాయిదా పడుతుంది. పాత పుస్తకాలు ఎలాగూ ఉన్నాయి కదా, ఏడాది రెండేళ్లు కొనకపోతే ఏమవుతుందని అడిగేవారికి తిరుపతిలో పోటీ పరీక్షలకు చదువుతున్న పిల్లలను చూపించాలి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలోని 13 జిల్లాలు 26 అయ్యాయి, తిరుపతి వేరే జిల్లా అయింది. 2024 జూలై 1 నుంచి భారత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అంతకు ముందు అచ్చయిన సామాన్య జ్ఞానం పుస్తకాన్ని, న్యాయశాస్త్ర పుస్తకాన్ని నమ్ముకుని ఎస్సై పరీక్షకో గ్రూప్స్‌కో వెళ్లే విద్యార్థి తన తప్పేమీ లేకుండానే మార్కులు పోగొట్టుకుంటాడు.

ఈ పిల్లల్లో చాలామంది పడమటి మండలాల నుంచి, కాళహస్తి వైపు పల్లెల నుంచి వచ్చి విశ్వవిద్యాలయం చుట్టుపక్కల గదులు అద్దెకు తీసుకుని ఉంటారు. ముగ్గురు నలుగురు కలిసి ఉండే గదిలో చదువు సాగదు. నెలకు ఇంత అని కట్టించుకుని బల్ల, కుర్చీ ఇచ్చే ప్రైవేటు స్టడీ హాళ్లు నగరంలో ఉన్నాయి కానీ, గది అద్దె, భోజనం ఖర్చులు పోగా ఆ రుసుము భరించలేనివారికి గ్రంథాలయం తప్ప వేరే చోటు లేదు. అన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి కదా అనేవారు, ఆరేడు గంటలు కదలకుండా కూర్చోవడానికి నిశ్శబ్దమైన చోటు, తలపైన ఫ్యాను, చాలినంత వెలుతురు ఫోను ఇవ్వదని గుర్తించాలి. చూపు తగ్గిన పెద్దలకు ఆ చిన్న తెర పనికిరాదు. ఇంటిపని ముగించుకుని కాసేపు చదువుకుందామనుకునే ఆడవాళ్లకు మన ఊళ్లలో, రుసుము లేకుండా, ఎందుకొచ్చావని ఎవరూ అడగకుండా కూర్చోగలిగే చోట్లు ఎన్ని ఉన్నాయి?

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టేది ఉద్యోగుల కొరత. పదవీ విరమణ చేసిన గ్రంథపాలకుడి స్థానంలో కొత్తవారు రాకపోతే పక్క ఊరి గ్రంథపాలకుడికి అదనపు బాధ్యత అప్పగిస్తారు. నాకు తెలిసిన ఒక శాఖా గ్రంథాలయంలో తలుపు తీయడం, ఊడ్చుకోవడం, పత్రికలు సర్దడం, రిజిస్టర్లు రాయడం అన్నీ ఒక్కరే చేసుకోవాలి. ఆ ఒక్కరికి జ్వరం వస్తే తలుపు తెరుచుకోదు. రెండు మూడుసార్లు మూసిన తలుపు చూసి వెనుదిరిగిన పాఠకుడు నాలుగోసారి రాడు. అప్పుడు పాఠకుల సంఖ్య తగ్గిందని రిజిస్టరు చూపించి, తగ్గినచోట ఇంత ఖర్చెందుకని మరుసటి ఏడాది మళ్లీ కోత పెడతారు. జనం చదవడం మానేశారని చెప్పడానికి ఆ రిజిస్టరు సాక్ష్యం కానే కాదు. మూసి ఉన్న రోజు ఎందరు వచ్చి వెళ్లిపోయారో అందులో ఎవరూ రాయరు.

కాబట్టి నేను కోరేది కొత్త పథకమో కొత్త భవనమో కాదు. గత ఆర్థిక సంవత్సరంలో గ్రంథాలయ సెస్సు కింద ఎంత వసూలైంది, అందులో ఎంత జిల్లా గ్రంథాలయ సంస్థకు జమైంది, ఎంత బకాయి ఉంది అన్న లెక్కను ప్రతి పంచాయతీ, ప్రతి మున్సిపాలిటీ తన నోటీసు బోర్డు మీద పెట్టాలి. అడిగినా చెప్పని చోట 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయవచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మన జిల్లాల్లో ఇంటిపన్ను రసీదు ఉన్న ప్రతి ఒక్కరికీ నా విన్నపం ఇదే: ఈసారి పన్ను కట్టేటప్పుడు ఆ కౌంటరు దగ్గరే ఈ లెక్క అడగండి, వచ్చిన జవాబును అందరికీ తెలియజేయండి.