ఇంజెక్షనుతో మోకాలి గుజ్జు పెరుగుతుందా?

ఈ వారంలో నలుగురు బంధువులు నాకు ఒకే వాట్సాప్ సందేశం పంపారు. మన కణాలతోనే ప్రయోగశాలలో గుజ్జు పెంచుతున్నారట, ఒక్క ఇంజెక్షనుతో ఏ వయసువారి మోకాలైనా కొత్తదవుతుందట, అప్పటిదాకా నడక మానేసి బెండకాయ నీళ్లు తాగాలట, కీలు మార్పిడి వ్యాపారం కోసం ఈ సంగతి దాస్తున్నారట.

బెండకాయ జిగురు పేగులు దాటి మోకాలికి చేరదు. దాచడమన్నదీ అబద్ధమే. మన కణాలతో గుజ్జు పెంచే ఈ పద్ధతి ఫలితాలను స్వీడన్ వైద్యులు 1994లోనే ప్రకటించారు, దాని కొత్త రూపానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో అనుమతినిచ్చింది.

అసలిది ఒక్క ఇంజెక్షనుతో అయ్యే పని కాదు. కీలులో బరువు పడని అంచు నుంచి చిన్న ముక్క తీసి, అందులోని కణాలను కొన్ని వారాలు పెంచి, కొల్లాజెన్ పొర మీదికి చేర్చి, మళ్లీ ఆపరేషన్ చేసి, దెబ్బతిన్న గుంటను శుభ్రంగా గీకి, పొరను ఆ గుంట కొలతకు కత్తిరించి జిగురుతో అంటిస్తారు. చుట్టూ మంచి గుజ్జు గట్టులా ఉంటేనే అది నిలుస్తుంది. కీలంతా అరిగి ఎముకలు రాసుకుంటున్న చోట దేన్ని ఆనుకుని నిలుస్తుంది? గట్టు లేని మడిలో నీళ్లు నిలుస్తాయా?

నాకు కోపం తెప్పించింది మాత్రం నడక మానమన్న మాట. గుజ్జులో రక్తనాళాలు లేవు. అడుగు పడినప్పుడు నొక్కుకుని, లేచినప్పుడు కీలులోని ద్రవాన్ని పీల్చుకుంటూ అది పోషణ పొందుతుంది. కదలిక ఆగితే ఆ పోషణ తగ్గుతుంది, తొడ కండ కరిగి భారమంతా కీలు మీదే పడుతుంది. నెల్లూరులో రోజూ ట్రంకు రోడ్డు దాకా నడిచి కూరగాయలు తెచ్చుకునే మా మేనత్త, ఈ సందేశం నమ్మి రెండు నెలలు మంచం పట్టుకుని ఉంది. ఇప్పుడు గడప దాటాలంటే తలుపు రెక్క పట్టుకోవాలి. ఫిజియోథెరపిస్టు టేపుతో రెండు తొడలూ కొలిచి, “నొప్పి మోకాలిదే గానీ, నిలబెట్టే కండ పోయిందమ్మా” అన్నాడు. ఈ సందేశం రాసినవారు వచ్చి ఆమెను గడప దాటిస్తారా? పంపిన నలుగురిలో ఒక్కరైనా పంపే ముందు ఒక వైద్యుణ్ని అడిగారా?

అయినా ఒకటి ఒప్పుకుంటాను. నా తమ్ముడి కొడుక్కి పాతికేళ్లు, కబడ్డీలో మోకాలి గుజ్జు ఒక్కచోట ఊడింది. ఈ చికిత్స పుట్టింది సరిగ్గా అలాంటి గాయాలకే. ఇక్కడ అతణ్ని చూసిన ఇద్దరు వైద్యులూ దాని పేరెత్తలేదు. ఇలాంటి మార్గం ఒకటుందని అతనికి తెలిసింది ఈ సందేశం వల్లే. వచ్చే వారం ఎంఆర్‌ఐ ఫిల్ములు తీసుకుని చెన్నై వెళ్తున్నాడు.