పచ్చి క్యారెట్టు, వేయించిన శనక్కాయలు: ఈ మెసేజ్ ఇంకెవరికీ పంపకండి

‘పిల్లలు కూరగాయలు తినడం లేదా? అమ్మలకు బంగారు చిట్కాలు’ అనే మెసేజ్ బడి గ్రూపులో వచ్చింది, చుట్టాల గ్రూపులో వచ్చింది, నెల్లూరులో మా వీధి గ్రూపులో అయితే మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. పంపేవాళ్లంతా చదువుకున్నవాళ్లే. కింద దణ్ణాలు, పూలు. ఒక్కరైనా చివరిదాకా చదివారా అని నా అనుమానం.

మొదటి చిట్కా: రోజూ పొద్దున్నే గ్లాసు బీట్‌రూట్ జ్యూస్ తాగిస్తే పది రోజుల్లో రక్తం పడుతుందట. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం! ఆ లెక్కన రోజ్‌మిల్క్ తాగినా పట్టాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన పట్టికల ప్రకారం 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఐరన్ 1 మిల్లీగ్రాము కూడా లేదు. తోటకూర, మునగాకుల్లో 4 మిల్లీగ్రాముల పైమాటే. మునగచెట్టు పెరట్లో ఉంటే ఆకు ఊరికే వస్తుంది, అందుకే దానికి విలువ లేదు. అలసందలు రుబ్బిన పిండిలో సన్నగా తరిగిన తోటకూరో మునగాకో కలిపి వడలు వేసి, పైన నాలుగు చుక్కలు నిమ్మకాయ పిండండి. పులుపు తోడైతే ఆకులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఆకు కడిగాక తడి ఆరనివ్వండి, లేకపోతే నూనె మొహం మీదికి చిందుతుంది.

రెండో చిట్కా చదివాకే ఇది రాయడానికి కూర్చున్నాను. ‘పళ్లు రాగానే పచ్చి క్యారెట్ ముక్కలు, వేయించిన వేరుశనగ గింజలు చేతికివ్వండి, నమలడం అలవాటవుతుంది.’ ఏ పళ్లు నాయనా? ముందుపళ్లు కొరుకుతాయి, అంతే. నలిపేవి దవడపళ్లు. అవి ఏడాది దాటాక మొదలై, అన్నీ వచ్చేసరికి రెండున్నరేళ్లు పడుతుంది. అప్పటిదాకా బిడ్డ క్యారెట్టును కొరుకుతుంది, నలపలేదు, ఆ ముక్క అలాగే లోపలికి జారుతుంది. పొలమారితే గొంతుకు అడ్డం పడుతుంది.

శనక్కాయ గింజ ఇంకా మోసం. గాలిగొట్టంలోకి పోయాక కాసేపు విపరీతమైన దగ్గు వస్తుంది, తర్వాత తగ్గిపోతుంది. ‘హమ్మయ్య, దిగిపోయింది’ అనుకుంటాం. అది దిగింది ఊపిరితిత్తిలోకి. వారాల తరబడి దగ్గు, పిల్లికూతలు, జలుబు మందులు. చివరికి మత్తిచ్చి గొట్టం వేసి తీయాలి. నాలుగేళ్లు నిండేదాకా గింజలు గింజలుగా పెట్టొద్దనీ, పచ్చి క్యారెట్ లాంటి గట్టి ముక్కలు ఇవ్వొద్దనీ పిల్లల డాక్టర్లు చెప్పేది ఇందుకే. శనక్కాయలు మానేయమని కాదు. మెత్తగా పొడి చేసి అన్నంలో కలపండి, పల్చగా చట్నీ చేయండి. క్యారెట్టును వేలితో నొక్కితే నలిగేలా ఉడికించండి, లేదా సన్నగా తురమండి. ఎప్పుడైనా ఏదైనా ఇరుక్కుంటే కనపడని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి కెలక్కండి, అది ఇంకా లోపలికి పోతుంది. దగ్గగలిగితే దగ్గనివ్వండి. దగ్గూ ఏడుపూ బయటికి రాకపోతే బిడ్డను ముందుకు వంచి వీపు మీద అరచేత్తో గట్టిగా చరచడం మొదలుపెట్టి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి.

మూడోది: కూర వద్దంటే ఆ రోజంతా ఏమీ పెట్టొద్దు, ఆకలేస్తే అదే తింటారు. ఎవరింట్లో? మా ఇంట్లో అయితే గంటలోపు అవ్వ బిస్కెట్ ప్యాకెట్ విప్పేస్తుంది. అంత పస్తు అక్కర్లేదు, బడి నుంచి వచ్చేటప్పుడు ఉండే ఆకలి చాలు. ఆ వేళకు పొంగణాలు వేయండి. దోసెపిండిలో క్యారెట్ తురుము, ఎర్రగడ్డ ముక్కలు, కొత్తిమీర. తురుము మరీ ఎక్కువైతే పైన మాడి లోపల పిండిగానే ఉంటుంది, మూతపెట్టి సన్న మంట మీద కాల్చాలి. సొరకాయ అప్పాలకైతే బియ్యప్పిండిలో నీళ్లు పోయనక్కర్లేదు, సొరకాయ తురుములో ఊరే నీళ్లే సరిపోతాయి.

కూరగాయలు కనపడకుండా రుబ్బి కలిపేయమని నాలుగోది. ఒంటికి పడితే పడుతుంది, కాదనను. కానీ సొరకాయ రుచి ఏంటో బిడ్డకు తెలిసేదెప్పుడు? కొత్త కూర నచ్చాలంటే 8 నుంచి 15 సార్లు కంటికి, నాలుకకు తగలాల్సి రావచ్చు. మనం రెండోసారికే ‘వీడికి పడదు’ అని తేల్చేస్తాం.

వెజ్ చిప్స్ ప్యాకెట్ మంచిదట. వెనక చదవండి, ఎక్కువున్నది ముందు రాస్తారు. పాలకూర పొడి ఎన్నో లైన్లో ఉందో వెతుక్కోండి. తోటకూర తింటే ఐస్‌క్రీం కొనిస్తామనడం గురించి మాట్లాడను. తోటకూర శిక్ష అని మనమే ఒప్పుకున్నట్టు.

చివరి చిట్కా మాత్రం నిజం, నేననుకోలేదు: ‘పెద్దవాళ్లు ఏరి కంచం పక్కన పెట్టేది పిల్లలు తినరు.’ చేపల పులుసులో మామిడికాయ ముక్క కోసం గిన్నె అడుగుదాకా గాలించి, కాకరకాయ వేపుడు చూడగానే కడుపు నిండిపోయే పెద్దమనుషులు మా నెల్లూరులో తక్కువేం లేరు. మిగతాదంతా చెరిపేసి ఆ ఒక్క ముక్కే ఉంచండి. అమ్మలకు కాదు, నాన్నల గ్రూపులో పెట్టండి.