టోక్యోలో తిట్టడానికి మనిషి దొరకడు

జపాన్ చూడబోయే దంపతులను వీసా అధికారులు బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు, హోటల్ బుకింగులు అడుగుతారు, ఏ రోజు ఎక్కడ ఉంటారో పట్టిక రాసి ఇమ్మంటారు. వీరి కాపురం టోక్యోను తట్టుకోగలదా అని మాత్రం అడగరు. ఇది తీవ్రమైన పరిపాలనా లోపం.

మన కాపురాలు నిలబడుతున్నది పెద్దల ఆశీర్వచనాల వల్ల, పిల్లల మొహం చూసి అని చెప్పుకుంటాం గానీ, వాటిని నిజంగా మోస్తున్నవాడు మూడో మనిషి. ముహూర్తానికి అందుకోలేకపోతే తప్పు ట్రాఫిక్‌ది, దారి తప్పితే ఆటో అతనిది, కరెంటు పోతే ప్రభుత్వానిది. ఆలుమగలు ఒక్క గొంతుతో పరాయివాణ్ణి తిట్టుకునే ఆ కాసేపట్లో కుదిరే సఖ్యత ఏ అరుంధతీ దర్శనంతోనూ కుదరదు. అటువంటి మూడో మనిషిని టోక్యో నగరం ముందస్తు నోటీసైనా ఇవ్వకుండా రంగం మీంచి తప్పించింది.

రైళ్లనే చూడండి. 2017 నవంబరులో సుకుబా ఎక్స్‌ప్రెస్ రైలొకటి 20 సెకన్ల ముందే కదిలిపోయినందుకు ఆ సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పుకుంది. అటువంటి ఊళ్లో రైలు తప్పిపోయిందంటే దోషి ఆ ఇద్దరిలోనే ఉండాలి. అది ఎవరన్నది ప్లాట్‌ఫారం మీదే తేలిపోవాలి.

మాకు తెలిసిన గుంటూరు దంపతులు దిగిన రోజు సాయంత్రమే షింజుకు స్టేషన్‌లో చిక్కుకున్నారు. ప్రపంచంలోకెల్లా రద్దీ స్టేషన్‌గా గిన్నిస్ రికార్డుకెక్కిన ఆ కట్టడానికి 200కు పైగా ద్వారాలున్నాయి. దక్షిణ ద్వారం ఉంది, అది చాలదన్నట్టు కొత్త దక్షిణ ద్వారం ఉంది, ఆ రెండూ కాక ఆగ్నేయ ద్వారమూ ఉంది. హోటల్ పడమటి వైపు ఉండగా భర్తగారు సామాన్లతో సహా ఆగ్నేయం నుంచి బయటపడ్డారు. "ఏవండీ, ఇల్లు కట్టేటప్పుడు ఆగ్నేయం గురించి సిద్ధాంతిగారు ఏం చెప్పారో మరిచిపోయారా?" అని ఆవిడ అడిగారు. "బాణం గుర్తు చూపించింది నువ్వే కదా!" అని ఆయన బదులిచ్చారు. మన దగ్గరైతే ఈ ఘట్టంలో బోర్డులు సరిగ్గా పెట్టనివాళ్లను ఇద్దరూ కలిసి దుమ్మెత్తిపోసేవారు. అక్కడ పసుపు బోర్డుల మీద ఇంగ్లీషులో కూడా శుభ్రంగా రాసి ఉంది. పోనీ, దారినపోయే పెద్దమనిషిని అడిగితే తప్పుదారి చెప్పి ఆదుకుంటాడేమో అనుకుంటే, ఆయన తన పని మానుకుని హోటల్ గుమ్మం దాకా స్వయంగా నడిపించి, వంగి దండం పెట్టి మరీ వెళ్లిపోయాడు. ఇంతటి అమానుషం ఇంకెక్కడా చూడం.

మర్నాడు యమనోతే లైన్‌లో ఎదురు దిశలో వెళ్లే రైలెక్కారు. తగవుకు ఇంతకన్నా మంచి ముడిసరుకు ఏముంటుంది? కానీ ఆ లైను 30 స్టేషన్లను చుట్టి వచ్చే వలయం; ఎటు ఎక్కినా దిగవలసిన చోటు ఎప్పుడో ఒకప్పుడు వచ్చి తీరుతుంది. పైగా ఆ పెట్టెల్లో ఫోను మాట్లాడడమే మర్యాద కాదు, ఇక గొంతు పెంచడం మాట చెప్పనే అక్కరలేదు. న్యాయంగా అక్కడే తీరిపోవలసిన పోట్లాటను వడ్డీతో సహా హోటల్ గదికి మోసుకుపోవలసి వచ్చింది.

చెత్తదీ అదే కథ. 1995లో సబ్‌వేలో సారిన్ విషవాయువు దాడి జరిగాక బహిరంగ స్థలాల్లోని చెత్తబుట్టలను చాలావరకు తీసేశారు. అన్నపు ముద్దకు చుట్టిన ప్లాస్టిక్ కాగితం, టీ సీసా, ఐస్‌క్రీం అంటిన చెంచా సాయంత్రం దాకా ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఊరేగాయి. ఆ చెంచా పాస్‌పోర్టుకు అంటుకుంది. దానికి మున్సిపాలిటీని అనవలసిన మాటలన్నీ ఎవరికి పడ్డాయో వేరే చెప్పాలా?

షిబుయా స్టేషన్ బయట ఇంకో అన్యాయం. ఆవిడ షాపింగుకు వెళ్తూ ఆయన్ను హచికో విగ్రహం దగ్గర నిలబడమన్నారు. 1925లో యజమాని చనిపోయినా, 1935లో తాను చనిపోయేదాకా స్టేషన్‌కు వచ్చి ఎదురుచూసిన కుక్క అది. అంతటి సాక్షిని పక్కన నిలబెట్టాక, గంటసేపు ఆగిన భర్త ఏ మొహం పెట్టుకుని విసుక్కుంటాడు?

కనీసం తలరాతనైనా తిట్టుకుందామని అసకుసాలోని సెన్సోజీ గుడికి వెళ్లారు. వంద యెన్లు వేసి, డబ్బా కుదిపి, పుల్ల మీది అంకె చూసి, ఆ సొరుగులోంచి జాతకం చీటీ తీసుకోవాలి. ఈ గుడికి చెడు చీటీలు ధారాళంగా ఇస్తుందని పేరు, పేరు నిలబెట్టుకుంది కూడా. అయితే చెడు చీటీని అక్కడి కమ్మీలకు ముడివేసి వదిలేసి పోవచ్చునట. ఆ విధంగా విధిని కూడా వారి చేతుల్లోంచి లాగేసుకున్నారు.

ఇంతలో దైవం కరుణించి ఒక రైలు ఆలస్యమైంది. స్టేషన్ సిబ్బంది వంగి వంగి క్షమాపణలు చెబుతూ, ఆఫీసుల్లో చూపించుకోవడానికిచ్చే ఆలస్య ధ్రువపత్రాలను పంచారు. మన దంపతులకు చూపించుకోవలసిన ఆఫీసేదీ లేకపోయినా చెరొకటి తీసుకున్నారు. "ఇంత పేరున్న రైల్వే ఇదా!" అని ఆవిడ అంటే, "పేరే, లోపల ఏమీ లేదు!" అని ఆయన అందుకున్నారు. హోటల్ చేరేదాకా జపాన్ రైల్వేను ఏకకంఠంతో దులిపేశారు. ఆ పూట భోజనం ఒకే గిన్నెలో తిన్నారు.

కాబట్టి విదేశీ దంపతులు దిగే స్టేషన్లలో రోజుకొక్క రైలునైనా ఆలస్యంగా నడపాలని టోక్యో పాలకులను కోరుతున్నాం. అందుకయ్యే ఖర్చును వీసా రుసుముతో కలిపి వసూలు చేసుకున్నా మాకు అభ్యంతరం లేదు.