సవరణ: భూసేకరణ అభ్యంతరాల గడువు 30 రోజులు కాదు, 60

హైదరాబాద్ శివార్లలో ఇళ్ల నిర్మాణానికి భూములను గుర్తించడంపై ఇంతకుముందు రాసినప్పుడు, భూసేకరణ ప్రాథమిక ప్రకటన వెలువడ్డాక అభ్యంతరాలకు 30 రోజులే గడువని పేర్కొన్నాను. అది పొరపాటు; ఆ గడువు 1894 నాటి పాత చట్టంలోనిది, పాత ఫైళ్లు తిరగేసే అలవాటే నన్ను తప్పుదోవ పట్టించింది. దాని స్థానంలో వచ్చిన 2013 భూసేకరణ చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, ఆ భూమితో ప్రయోజనం ముడిపడి ఉన్నవారెవరైనా 60 రోజుల్లోగా, ఎంచుకున్న భూమి విస్తీర్ణం, అనుకూలతలపైనా, ప్రజాప్రయోజనమన్న సమర్థనపైనా, సామాజిక ప్రభావ అంచనా నివేదికపైనా కలెక్టరుకు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలపవచ్చు. స్వయంగా గానీ న్యాయవాది ద్వారా గానీ వాదన వినిపించుకునే అవకాశాన్ని కలెక్టరు వారికి ఇవ్వాలి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ) ల్యాండ్ పూలింగ్‌ది వేరే దారి; యజమాని తన భూమిని అప్పగించి, అభివృద్ధి చేశాక అందులో వాటా తిరిగి పొందే పద్ధతి అది, యజమాని సమ్మతితో సాగేది. రెండింటినీ కలగలిపి రాయడం నా రెండో తప్పు.