బిందెకు పట్టిన సున్నం మీద పడి ఏడుస్తున్న మెసేజీకి జవాబు

ఈ వారంలో ఇది ఐదోసారి. పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకరు, అపార్టుమెంటు గ్రూపులో ఇద్దరు, మా ఆడపడుచు, చివరికి స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునే లెక్కల సారు. ఐదుగురూ కింద ఒకటే మాట రాశారు: "మేడమ్, ఇది నిజమేనా?" ముందు పదిమందికి పంపేసి, ఆ తర్వాత నన్ను అడుగుతున్నారు.

మెసేజీలో ఉన్నది ఇదీ. కొళాయి నీళ్లలో ఉండే సున్నమే కిడ్నీల్లో రాళ్లవుతుందట. అదే సున్నం మోకాళ్లలో పేరుకుని కీళ్లు పట్టేస్తాయట, కాబట్టి నలభై దాటినవాళ్లు పాలు, రాగులు కూడా తగ్గించుకోవాలట. టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలన్నిటి లెక్క) 50 లోపు ఉంటేనే ఆ నీళ్లు తాగాలట, లేకపోతే ఆర్ఓ (మిషన్‌లో శుద్ధి చేసిన) నీళ్లే తాగాలట. జుట్టు రాలుతుందట. రాగి చెంబులో రాత్రంతా ఉంచితే సున్నం విరిగిపోతుందట. ఇక ఆఖరిది: నీళ్లు గార కట్టకుండా మెత్తగా ఉంటే అందులో ఫ్లోరిన్ లేనట్టేనట, ఒకవేళ ఉన్నా పది నిమిషాలు కాచి వడగడితే పోతుందట. అడుగున ఒక పెద్ద డాక్టరు చెప్పారని ఉంది. ఆయన పేరు లేదు, ఊరు లేదు.

జుట్టు సంగతి రెండు ముక్కల్లో. జుట్టుకు తగిలేది స్నానం నీళ్లు, తాగే నీళ్లు కాదు. సున్నం ఎక్కువున్న నీళ్లలో షాంపూ నురగ సరిగా రాదు, జుట్టు పీచులా బిరుసెక్కుతుంది. అంతవరకు అందరికీ అనుభవమే. అదే నీళ్లు తాగితే జుట్టు ఎట్లా ఊడుతుందో మెసేజీ రాసినవాళ్లే చెప్పాలి. రాగి చెంబుకు సున్నాన్ని విరిచే గుణం లేదు. చెంబు లోపల తెల్లగా పొర కడితే చింతపండు పెట్టి తోముకోండి, సరిపోతుంది.

రాళ్ల సంగతికి వద్దాం. కాగులో, గీజర్ కాయిల్ మీద, హీటరు కడ్డీ మీద తెల్లగా గార కట్టడం చూసి, కడుపులో కూడా ఇట్లాగే కడుతుందని జనం భయపడుతున్నారు. కాగు కింద మంట ఉంది. మంటకు నీళ్లలోని బైకార్బొనేట్లు విడిపోయి సున్నంగా పెచ్చు కడతాయి. మన ఒంట్లో మంట ఎక్కడుంది? కిడ్నీ రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటు. కాల్షియం అన్న పేరు విని నీళ్ల మీద నింద వేశారు. కానీ తిండితో, నీళ్లతో కడుపులోకి వెళ్లిన కాల్షియం అక్కడే పేగుల్లోనే తిండిలోని ఆక్సలేటును పట్టుకుని బయటికి తోసేస్తుంది. అందుకే రాళ్లున్నవాళ్లను కూడా తిండిలో కాల్షియం మానొద్దని డాక్టర్లు చెబుతారు. రాళ్లకు పెద్ద కారణం నీళ్లు తక్కువ తాగడం. ఏప్రిల్, మే నెలల్లో మన అనంతపురం ఎండకు పొలంలో, బట్టీలో, ఆటోలో పనిచేసే మనిషికి తాగిన నీళ్లన్నీ చెమటగానే పోతాయి. మూత్రం చిక్కబడుతుంది, రాళ్లు తయారవుతాయి. అట్లాంటి మనిషిని కొళాయి నీళ్లంటే భయపెట్టి ఇంకా తక్కువ తాగేట్టు చేస్తున్నారు. దీన్ని నేను చిన్న తప్పుగా చూడలేను.

ఒక లెక్క చూడండి. నీళ్ల కఠినత్వం, అంటే కాల్షియం కార్బొనేటుగా లెక్కగట్టిన సున్నం, లీటరుకు 400 మిల్లీగ్రాములనుకుందాం. అదంతా కాల్షియం వల్లే వచ్చిందనుకున్నా, లీటరులో ఉండే కాల్షియం 160 మిల్లీగ్రాములు. రెండు లీటర్లు తాగితే 320. వంద గ్రాముల రాగిపిండిలో దాదాపు 350 ఉంటుంది. తాతముత్తాతల నాటి నుంచి సంగటి తింటున్న సీమ జనం మనం. నీళ్లలో సున్నం రాయయ్యేదే అయితే సంగటి ముద్ద ఎప్పుడో మనల్ని బండరాళ్లను చేసి ఉండాలి.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం కఠినత్వం 200 వరకు ఉంటే మేలు, వేరే దిక్కు లేనిచోట 600 వరకు ఒప్పుకోవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కఠినత్వానికి ఆరోగ్యం పేరు మీద అసలు హద్దే పెట్టలేదు. టీడీఎస్‌కు అదే ఐఎస్‌లో 500, వేరే దిక్కు లేనిచోట 2000. మరి ఈ 50 ఎక్కడి నుంచి వచ్చింది? మిషన్ అమ్మడానికి ఇంటికొచ్చిన కుర్రాడి నోటి నుంచి వచ్చింది. గ్లాసులో మీటరు ముంచి "చూడండి ఆంటీ, 420" అంటాడు. ఆంటీ బెదిరిపోతుంది. ఆ మీటరు చేసే పని ఒక్కటే, నీళ్లలో కరెంటు ఎంత బాగా పారుతోందో చూసి అంకె చూపించడం. బస్సులో ఎంతమంది ఎక్కారో చెబుతుంది తప్ప అందులో జేబుదొంగ ఉన్నాడో లేదో చెప్పదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడు (మెసేజీలో ఫ్లోరిన్ అన్నది దీన్నే) ఉందనుకోండి, ఎక్కువలో ఎక్కువ 1.5 అన్న హద్దుకు రెట్టింపన్నమాట. 420లో దాని వాటా మూడు. ఆ మూడును ఏ మీటరులో చూస్తారు?

అసలు నాకు కోపం తెప్పించింది ఆఖరి ముక్క. మిగతావన్నీ తెలియక రాసినవని సరిపెట్టుకోవచ్చు. ఇది మాత్రం పిల్లల ఎముకల మీదికి వస్తుంది.

పోయిన నెల ధర్మవరం అవతల మా చిన్నమ్మ వాళ్ల ఊరికి వెళ్లాను. ఆ ఊళ్లో రెండు నీళ్లు. ఒకటి గుడి దగ్గర పాత బావి. ఆ నీళ్లతో కందిపప్పు ఉడకదు, సబ్బు విరిగిపోతుంది, బిందె అంచున తెల్లటి గీత పడుతుంది. రెండోది లోతు బోరు. నీళ్లు తియ్యగా ఉంటాయి, సబ్బు ఇట్టే నురగ వస్తుంది, బిందె అద్దంలా ఉంటుంది. ఊరంతా బోరు దగ్గరే నిలబడుతుంది. మా చిన్నమ్మ కూడా మెసేజీ చూసింది. చూసి ఎనిమిది నెలలుగా పాలు, పెరుగు మానేసింది. "మోకాళ్లలో సున్నం దిగిందంట పాపా, ఆ వాట్సాప్‌లో రాసినారు గదా" అంది.

అదే ఊళ్లో జల జీవన్ మిషన్ కింద నీటి పరీక్ష నేర్చుకున్న ఆవిడ ఒకరున్నారు. కిట్ పెట్టె తెమ్మని నేనే అడిగాను. అరుగు మీద రెండు చిన్న గాజు సీసాలు పెట్టి, ఒకదాంట్లో బావి నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు గీత వరకు పోసింది. రెండింట్లో మందు చుక్కలు వేసి కలిపింది. బావి నీళ్లు లేత గులాబీ రంగులో నిలిచాయి. బోరు నీళ్లు మా కళ్లముందే పసుపుకు తిరిగాయి. సీసాను రంగుల కార్డు పక్కన పెట్టి చూస్తే ఫ్లోరైడు లీటరుకు 2 మిల్లీగ్రాములకు పైన. ఆ పక్కనే చిన్నమ్మ మనవడు నిలబడి చూస్తున్నాడు, ఏడేళ్లవాడు. రంగు మారగానే నవ్వి, వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు. వాడు పళ్లు సరిగా తోముకోడని బడిలో తిడుతున్నారట. ఆ చారలు బ్రష్షుతో పోయేవి కావు. పన్ను చిగురు లోపల తయారయ్యేటప్పుడే ఫ్లోరైడు వల్ల పడినవి.

మెసేజీ చెప్పినట్టయితే బోరు నీళ్లు మంచివి, బావి నీళ్లు విషం. సీసాలు చెప్పింది దానికి సరిగ్గా తలకిందులు.

ఎందుకట్లా అంటే, మన కాళ్ల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైటు. ఆ రాతిలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడు నీళ్లలోకి దిగుతుంది. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడు దానితో కలిసి కాల్షియం ఫ్లోరైడై, కరగక అడుగున ఉండిపోతుంది. కాల్షియం తక్కువై సోడియం బైకార్బొనేటు ఎక్కువైన నీళ్లలో దాన్ని పట్టి ఆపేది లేదు. అందుకే మెత్తగా, తియ్యగా ఉన్న లోతు బోరే చాలాచోట్ల ప్రమాదం. అట్లాగని సున్నం ఉన్న నీళ్లలో ఫ్లోరైడు ఉండదని నేను చెప్పడం లేదు. రెండూ ఉన్న బోర్లూ ఉన్నాయి. రుచి, రంగు, వాసన, గార, వీటిలో దేన్ని చూసీ ఫ్లోరైడు ఉందో లేదో చెప్పలేం. పరీక్ష చెయ్యాల్సిందే.

ఇక కాచి వడగట్టడం. కాచితే క్రిములు చస్తాయి, సున్నం కొంత అడుక్కు దిగుతుంది. ఫ్లోరైడు ఆవిరై పోయేది కాదు, బట్టలో ఆగేది కాదు. నాలుగు లీటర్ల నీళ్లను మూడు లీటర్లయ్యేదాకా మరిగించారనుకోండి. మొదట లీటరుకు 2.4 మిల్లీగ్రాములుంటే చివరికి 3.2 అవుతుంది. పోయింది నీళ్లు, మిగిలింది ఫ్లోరైడు. బిడ్డకు మంచిదని తల్లి కట్టెలు ఖర్చుపెట్టి, గంటసేపు పొయ్యి ముందు కూర్చుని, అంతకుముందు కన్నా చిక్కటి ఫ్లోరైడు నీళ్లు తాగిస్తోంది. ఈ సలహా రాసిన మనిషి ఒక్కసారి ఆ పొయ్యి ముందు కూర్చున్న తల్లిని చూడాలి.

ఫ్లోరైడుకు హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, ఎక్కువలో ఎక్కువ 1.5. ఇది కొత్త సంగతి కాదు. 1937లోనే, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఫ్లోరైడు వల్ల పళ్లు, ఎముకలు దెబ్బతినే ఈ ఫ్లోరోసిస్ జబ్బును డాక్టర్లు గుర్తించి రాశారు. ఫ్లోరైడును నీళ్ల నుంచి తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగు పౌడరు కలిపే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేస్తే దానికి నల్గొండ పేరే పెట్టారు. అవును, ఆ పద్ధతిలో సున్నం కలుపుతారు. మెసేజీ ఏ సున్నాన్ని చూసి హడలిపోతోందో అదే సున్నం. 1995-96లో మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో సత్యసాయి తాగునీటి పథకం కింద ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లిచ్చారు. బిందెలకు గార పడుతోందని వేసిన పైపులా అవి? బోర్లలో ఫ్లోరైడుందని, ఎండాకాలం ఆ బోర్లూ ఎండిపోతున్నాయని వేసినవి. కదిరి వైపు వంగిన నడుములతో, తిప్పలేని మెడలతో ఉన్న పెద్దవాళ్లను చూసిన ప్రాంతం ఇది. ఇట్లాంటి చోట కూర్చుని, గార కట్టకపోతే ఫ్లోరిన్ లేనట్టేనని ఒకరు రాయడం, చదువుకున్నవాళ్లు దాన్ని ముందుకు తోయడం!

పాలు, రాగులు మానమనడం దీనికి తోడు. ఫ్లోరైడు నీళ్లు తాగక తప్పని మనిషికి కాల్షియమే అండ. తిండిలో కాల్షియం తక్కువైన పిల్లలను ఫ్లోరైడు ఇంకా గట్టిగా దెబ్బతీస్తుంది. వాళ్ల నోటి ముందు నుంచి పాలగ్లాసు లాగేసుకోమంటున్నారు. మా చిన్నమ్మ నొప్పులు వయసు వల్లా, నీళ్ల వల్లా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. పెరుగు వల్ల మాత్రం కాదు.

ఇప్పుడు నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. ఆర్ఓ నీళ్లు తాగమన్న సలహా, రాసినవాళ్లు చెప్పిన కారణం తప్పే అయినా, మా చిన్నమ్మ ఊరికి సరైనది. ఆర్ఓ ఫ్లోరైడును బాగా తీస్తుంది. క్యాను నీళ్లు కొనేవాళ్లను ఇన్నేళ్లుగా దండగ ఖర్చని కసిరిన నేనే, ఆ రోజు చిన్నమ్మ చేతిలో డబ్బు పెట్టి, పక్క ఊరి ప్లాంటు నుంచి క్యాను తెప్పించుకోమన్నాను. వంటకు కూడా అవే వాడమన్నాను. తాగడానికి క్యాను, సంగటికి, అన్నానికి, టీకి బోరు నీళ్లు వాడితే ఫ్లోరైడు తిండిలోంచి లోపలికి పోతుంది. ఇది చాలామందికి తట్టదు. బావి నీళ్లు తాగమని కూడా వెంటనే చెప్పలేకపోయాను. అది మూత లేని బావి, క్రిముల పరీక్ష కాలేదు. కిడ్నీ జబ్బుతో మందులు వాడేవాళ్లు ఏ నీళ్లు తాగాలన్నది వాళ్ల డాక్టరు చెప్పాలి, నేను కాదు. కఠినత్వం 600 దాటిన నీళ్లు నేనూ తాగను.

అనంతపురం టౌనులో ఉండి పీఏబీఆర్ (పెన్నహోబిలం రిజర్వాయరు) నుంచి వచ్చే కాలువ నీళ్లు కొళాయిలో పట్టుకుంటున్నవాళ్లు, కాగుకు గార పట్టిందని భయపడకండి. కొళాయి నీళ్లలో బోరు కలుస్తోందని అనుమానముంటే, సొంత బోరు ఉంటే, ఊళ్లో ఉంటే పరీక్ష చేయించండి. జిల్లాలో ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా శాఖ) వాళ్ల నీటి పరీక్ష ల్యాబు ఉంది. బోరును కాసేపు వదిలి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే రెండు మూడుసార్లు తొలిచి, నిండా పట్టి, మూత బిగించి, బోరు ఎక్కడిదో రాసి ఇవ్వండి. కాగితం మీద ఫ్లోరైడు అన్న గడి ముందు చూడండి, ఆ తర్వాత నైట్రేటు. కఠినత్వం గడి ఆఖర్న.

మొన్న చిన్నమ్మ ఫోన్ చేసింది. క్యాను వస్తోందట. మధ్యాహ్నం గ్లాసుడు మజ్జిగ తాగుతున్నానంది. నొప్పి తగ్గిందా అని అడిగాను. "యాడ పాపా, అట్లనే ఉండాది" అంది. మనవడి పళ్లకు ఏదైనా పౌడరు ఉంటే చెప్పమంది.