కడుపుతో ఉన్న పిల్లకి లంకణమా?

ఇప్పుడే చెల్లితో మాట్లాడి ఫోన్ పెట్టేశాను, చేతులింకా వణుకుతున్నాయి. దానికి ఏడో నెల. నిన్నటి నుంచి ఒళ్లు కాలిపోతోందట. ఏం తిన్నావే అంటే "జావ తాగానక్కా, జ్వరం దిగేదాకా అన్నం వద్దన్నారు అత్తయ్య" అంది. వెనకనుంచి ఆవిడ గొంతు: "వైరల్ జొరమే కదమ్మా, ఊరంతా ఉంది. లంకణం పెడితే అదే దిగిపోద్ది."

ఊరంతా కడుపుతో ఉన్నారా అండీ?

ఆరో నెల దాటాక మాయలోంచి వచ్చే హార్మోన్ల వల్ల తల్లి ఒంట్లో ఇన్సులిన్ అంత బాగా పనిచేయదు. బిడ్డకి చక్కెర అందడానికి శరీరం చేసుకునే ఏర్పాటది. అందుకే ఒక్క పూట పస్తున్నా మనకంటే త్వరగా కొవ్వు కరిగి, దాన్నుంచి పుట్టే కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పెరుగుతాయి. జ్వరంలో ఊరే స్ట్రెస్ హార్మోన్లేమో షుగర్‌ని పైకి తోస్తాయి. తల్లికి షుగర్ ఎక్కువగా ఉంటూ వస్తే లోపలి బిడ్డ ఇన్సులిన్ ఎక్కువ తయారుచేసుకుంటుంది. పుట్టి బొడ్డు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, ఆ ఇన్సులిన్ మాత్రం అలాగే ఉండి బిడ్డ షుగర్ పడిపోతుంది. అలాంటి పసికందులకి మడమలో సూది గుచ్చి షుగర్ చూసేది అందుకే.

అసలు వైరల్ అని తేల్చిందెవరు? రక్తపరీక్షే చేయించలేదు! ఆర్‌ఎంపీ వచ్చి ఒంటినొప్పులకి సూది వేసి వెళ్లాడట. ఏం సూదో చీటీ కూడా లేదు. డెంగీ అయితే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు రక్తస్రావం ముప్పు పెంచుతాయి. పైగా ఈ నెలల్లో అవి బిడ్డ గుండె దగ్గరి రక్తనాళానికీ మంచివి కావు. డెంగీతో నెలలు నిండకుండానే కాన్పు అయిపోవచ్చు. కాన్పు దగ్గరపడ్డాక వస్తే బిడ్డకీ సోకవచ్చు.

ఆ ఇంట్లో తిండి గొడవ ఈ జ్వరంతో మొదలైంది కాదు. మొన్న సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్లినప్పుడు చూశాను. ఇంటినిండా చుట్టాలు. ఇది కడుపుతో అందరికీ వడ్డించి, పొద్దు వాలాక గిన్నె అడుగున మిగిలిన పులుసు పోసుకుని తింది. ముక్క ఒక్కటి లేదు. నేను నోరు తెరవబోతే అమ్మ చెయ్యి నొక్కింది, ఆడపిల్లనిచ్చినవాళ్లం అని. ఇచ్చాం సరే, ఆకలితో ఉంచమని ఇచ్చామా?

మరిదిగారూ, మీరు చూస్తారని తెలిసే రాస్తున్నాను. ముందు దానికి పప్పుచారుతో నాలుగు ముద్దలు పెట్టండి, మంచినీళ్లు తాగించండి. పారాసిటమాల్ మోతాదు డాక్టర్‌నే అడగండి. బండి మీద కాదు, ఆటో మాట్లాడి ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మీ అమ్మగారికి నేను చెప్పుకుంటాను.