14 మందికి 100 గళ్లు

ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల పనితీరును శాతాల్లోనే కొలవాలి. వేరే కొలమానాలతో పిల్లలు కనిపించే ప్రమాదం ఉంది.

14 మంది చదివే ఊరబడినే తీసుకోండి. అక్కడ ఒక్కో పిల్లాడు 7.14 శాతం. పరీక్షనాడు రెండో తరగతి బుడ్డోడికి జ్వరమొస్తే మాత్ర వేయాల్సింది వాడికి, సంజాయిషీ రాయాల్సింది టీచరమ్మ: ఏడు శాతం ఎందుకు పడిపోయింది? రెండ్రోజులకు వాడు ముక్కు తుడుచుకుంటూ బడికొస్తే అదే ఏడు శాతం ప్రగతి. ఒక్క పారాసిటమాల్‌తో ఇంత త్వరగా కోలుకునే శాఖ ఇంకోటి లేదు.

ఇక సామాజిక విశ్లేషణ. బీసీల్లో ఏ నుంచి ఈ దాకా ఐదు, 2025లో వర్గీకరణ జరిగాక ఎస్సీల్లో మూడు, ఎస్టీ ఒకటి, ఓసీ ఒకటి, మొత్తం పది. ఆడ, మగ వేరుచేస్తే 20. ఐదు తరగతులకూ వేస్తే 100 గళ్లు. 14 మందిని ఎంత విడదీసి కూర్చోబెట్టినా కనీసం 86 ఖాళీ. (వర్గీకరణతో నాకు పేచీ లేదు, పేచీ అంతా భాగహారంతోనే.) 'నాలుగో తరగతి, బీసీ-డి, బాలికలు' గడిలో ఉండేది ఒకే పిల్ల. తను ఎక్కాలు గడగడా అప్పజెబితే ఆ వర్గం నూరు శాతం ఉత్తీర్ణం. ఏడో ఎక్కంలో ఎనిమిది దగ్గర తడబడిందా, ఒక వర్గం వర్గమే వెనకబడినట్టు. ఇంత బరువు నెత్తిన ఉన్న సంగతి తెలీక అది రిబ్బను ముడేసుకుంటూ కూర్చుంటుంది.

మార్కుల విషయంలో మాత్రం ఏర్పాటు పకడ్బందీగా ఉంది. తెలంగాణ సీసీఈ (నిరంతర సమగ్ర మూల్యాంకనం) పద్ధతిలో మధ్యమధ్యలో పెట్టే ఫార్మేటివ్ పరీక్షకు 50 మార్కులు: పాల్గొన్నందుకు 10, రాతపనికి 10, ప్రాజెక్టుకు 10, లఘు పరీక్షకు 20. అంటే ప్రశ్నపత్రం అందేలోపే 30 మార్కుల సంగతి తేలిపోతుంది. ఇందులో వెనకబడాలంటే పిల్లాడు చాలా కష్టపడాలి. ఏడాదికి ఇవి నాలుగు. ఒకటి, రెండు తరగతుల్లో ఐదుగురు, పైతరగతుల్లో తొమ్మిది మంది అనుకుందాం. చిన్నవాళ్లకు మూడు సబ్జెక్టులు, పెద్దవాళ్లకు నాలుగు. కూడితే 51. ఒక్కోదానికీ నాలుగు అంశాల మార్కులు, నాలుగు పరీక్షలు, వెరసి 816 నమోదులు. విద్యాహక్కు చట్టం ఈ తరగతులకు ఏడాదికి నిర్దేశించిన బోధన 800 గంటలు. పోటీ గట్టిగానే జరిగింది, గళ్లు 16 తేడాతో గెలిచాయి.

పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వేవాళ్లకు ఈ పద్ధతి మీద గౌరవం లేదు. ఇంటికే వచ్చి పిల్లాడి చేతిలో ఒక కాగితం పెడతారు: అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఆపైన రెండో తరగతి స్థాయి కథ. పాల్గొన్నందుకు మార్కుల్లేవు, అట్టముక్క ప్రాజెక్టు చూడరు. ఫలితం, 2024లో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో ఆ కథ చదవగలిగింది 23.4 శాతం. అడిగే తీరు తెలియకపోతే అంతే.

ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు జిల్లా పడమటి మండలాలకు ఇంకో సుగుణం ఉంది. కోసిగి, మంత్రాలయం వైపు సంక్రాంతి ముందూ వెనకా కుటుంబాలు సుగ్గికి, అంటే పనుల వలసకు పోతాయి, గుంటూరు వైపు మిరపకాయల కోతకు. పిల్లల్ని చూసేవాళ్లు ఊళ్లో లేకపోతే వాళ్లూ మూటాముల్లెతో బండెక్కుతారు. దేశంలోని బడుల వివరాలు సేకరించే యూడైస్ లెక్కకు ప్రామాణిక తేదీ సెప్టెంబరు 30, అప్పటికి అందరూ బెంచీల మీదే ఉంటారు. సంవత్సరాంత పరీక్ష ఏప్రిల్లో, అప్పటికి సగం బడి ఇంకా తోటల్లోనే. ఎవరెవరున్నారో ఒక గుంపును చూసి రాస్తాం, ఎలా చదివారో ఇంకో గుంపును చూసి రాస్తాం. రెండూ కలిపి ఒకే నివేదిక. ఏప్రిల్ నెలాఖరు దాకా మిరపకాయ ఎర్రబడకుండా ఉద్యానశాఖ ఒక ఉత్తర్వు ఇస్తే ఈ చిక్కు తీరుతుంది. పంట ఆగకపోతే పంటకే మెమో ఇవ్వొచ్చు.

పిల్లల గుర్తింపు సంఖ్యలకూ లోటు లేదు. ఆధార్‌కు 12 అంకెలు, శాశ్వత విద్యా సంఖ్య పెన్‌కు 11, విద్యార్థి ఐడీ అపార్‌కు మళ్లీ 12. బడి రిజిస్టరులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే అపార్ పుట్టదు. పుట్టినరోజు ఆధార్‌లో జనవరి 1, రిజిస్టరులో జూన్ అయితే అసలే పుట్టదు. అప్పుడు తండ్రి ఒక రోజు కూలి మానుకుని జనన ధ్రువపత్రంతో ఆధార్ కేంద్రానికి పోవాలి, సర్వర్ లేకపోతే రెండో రోజు కూడా. పిల్లాడు బడి మారితే పాత బడి వదలాలి, కొత్త బడి పెన్ నంబరుతో తీసుకోవాలి. ఈలోగా వాడు యూడైస్‌లో ఏ బడికీ చెందనివాళ్ల డ్రాప్‌బాక్సులో ఉంటాడు. వాడి అవ్వకు మాత్రం వాడు అరుగు మీదే కనిపిస్తాడు.

ఇవన్నీ చూసుకునేది ఎవరంటారా? 60 మంది లోపున్నా ఇద్దరు టీచర్లుండాలన్నది చట్టం. 2024-25 లెక్కల్లో దేశంలో ఏకోపాధ్యాయ బడులు 1,04,125. వాటిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌వే, ప్రథమ స్థానం. ఒకే మనిషి, ఐదు తరగతులు, అన్నీ కలిపి 18 సబ్జెక్టులు. మధ్యలో అన్నం ఉడికిందా, గుడ్లెన్ని, ఫొటో ఎక్కిందా, సిగ్నలుందా. వీటి తర్వాత అఆలు.

ఇన్ని లోపాలకు అతీతమైన బడులు కూడా ఉన్నాయి. అదే ఏడాది దేశంలో 7,993 బడుల్లో ఒక్క విద్యార్థీ లేడు. తెలంగాణ 2,245తో పశ్చిమ బెంగాల్ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. అక్కడ సి గ్రేడు లేదు, సుగ్గి లేదు, జ్వరం లేదు. 100 గళ్లూ ఏకరీతిగా సున్నా, ఏ వర్గమూ ఏ వర్గానికీ వెనకబడలేదు. మధ్యలో మానేసినవాడు ఒక్కడూ లేడు. బడికి 11 అంకెల కోడ్ మాత్రం అలాగే ఉంది కాబట్టి మరుగుదొడ్లెన్ని, కొళాయిలెన్ని, పనిచేసేవెన్ని, ఆ గళ్లు ఎవరో ఒకరు వెళ్లి నింపి రావాలి.